మూడు వారాల బల్ల పని: మోడల్ రాకెట్ల తయారీ, నునుపు గురించి

(నల్లగొండలో ఒక ఆదివారం ఉదయం విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనుక నిలబడిన వారు దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి. నేను చూపించబోయే వస్తువులు చిన్నవి, అక్కడి నుంచి కనబడవు. ఈ బల్ల మీద మూడు రాకెట్లు ఉన్నాయి. మూడూ కాగితపు గొట్టాలతో చేసినవే, మూడింటి పొడవూ ఇంచుమించు ఒకటే. మొదటి వరుసలో ఉన్న అమ్మాయీ, ఒకసారి ఇలా రా తల్లీ. కళ్లు మూసుకొని మూడింటినీ వేలితో నిమిరి చూడు. మొదటిది ఎలా ఉంది? ఇసుక లాగా ఉంది అంటోంది. రెండోది? చుట్టూ మెలికలు తిరిగిన గీత ఒకటి తగులుతోంది అంటోంది. మూడోది? నున్నగా ఉంది అంటోంది. సరే, వెళ్లి కూర్చో. ఆ ఇసుక ఎక్కడి నుంచి వచ్చింది, ఆ గీత ఎందుకు మిగిలింది, ఆ నునుపు ఎలా వచ్చింది, ఈ మూడు సంగతులే ఈ ఉదయం నేను చెప్పబోయేవి.

నేను శాస్త్రవేత్తను కాను. వర్క్‌షాపులో పిల్లలకు చెక్క పని నేర్పి పదవీ విరమణ చేసిన వాడిని. అందువల్ల రాకెట్‌ను కూడా నేను బల్ల వైపు నుంచే చూస్తాను. ఇంత గొట్టం ఆకాశంలో ఉండేది కొన్ని సెకన్లు, మహా అయితే ఒకటి రెండు నిమిషాలు. బల్ల మీద ఉండేది మూడు వారాలు. అది నిటారుగా పోతుందా, పల్టీ కొడుతుందా అన్నది ఆ మూడు వారాల్లోనే తేలిపోతుంది. ఈ సంగతి తెలియక చాలామంది పిల్లలు మొదటి రోజే "సార్, రాకెట్ మందు ఎక్కడ దొరుకుతుంది?" అని అడుగుతారు. నన్ను అడిగే మొదటి ప్రశ్న అదే అయితే, నేను చేతికి ఉప్పు కాగితం ఇచ్చి కూర్చోబెడతాను.

అయినా మందు సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మీ మనసు అక్కడే ఉంటుంది. ఈ హాబీ ఎలా పుట్టింది? 1954లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, నార్‌ఫోక్ అనే ఊళ్లో, ఆర్విల్ కార్లైల్ అని ఒక చెప్పుల దుకాణదారు ఉండేవారు. ఆయనకు బాణాసంచా మీద సరదా, ఆయన సోదరుడు రాబర్ట్‌కు విమానాల నమూనాలు చేయడం సరదా. ఇద్దరూ కలిసి కాగితం, తేలిక చెక్కతో ఒక చిన్న రాకెట్ చేశారు. మందు నింపిన చిన్న గొట్టాన్నే ఇక్కడ మోటారు అంటారు. కాలిపోయిన మోటారు తీసేసి కొత్తది పెడితే అదే రాకెట్ మళ్లీ ఎగురుతుంది. అదే కాలంలో అక్కడి కుర్రాళ్లు ఇంట్లోనే ఇనుప గొట్టాల్లో మందు కూరి వేళ్లు, కళ్లు పోగొట్టుకుంటున్నారు. వైట్ శాండ్స్ ప్రయోగ కేంద్రంలో పనిచేసిన హ్యారీ స్టైన్ 1957లో ఆ ప్రమాదాల గురించి ఒక పత్రికలో వ్యాసం రాస్తే, అది చదివిన కార్లైల్ తన నమూనాలను ఆయనకు పంపారు. ఆ ఏడాదే అక్టోబరు 4న స్పుత్నిక్ ఆకాశంలోకి వెళ్లింది, కుర్రాళ్లకు రాకెట్ల పిచ్చి పట్టింది. మోటార్లు చాలక, కొలరాడోకు చెందిన వెర్నన్ ఎస్టెస్ ఒక యంత్రం తయారుచేసి, దానికి మేబెల్ అని ముద్దుపేరు పెట్టుకొని, అయిదున్నర సెకన్లకు ఒక మోటారు చొప్పున తీయడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఈ హాబీకి ఒకటే కట్టుబాటు: మోటారు ఫ్యాక్టరీది, మిగతాదంతా మన చేతిది.

మరి మన దగ్గర? మన దేశంలో అటువంటి మోటారులోని ఇంధనం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నాటి నిబంధనల కిందికి వస్తుంది. నాగ్‌పూర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ, ఆ లైసెన్సులను చూస్తుంది. బజారులో బిస్కెట్ ప్యాకెట్ కొన్నట్టు కొనే వస్తువు కాదు అది. తారాజువ్వ విప్పి మందు తీయడం, చక్కెరా ఎరువూ కలిపి ఏదో వండటం, ఇవేవీ ఈ హాబీ కాదు. తల్లిదండ్రులు కూర్చున్నారు కనుక గట్టిగానే చెబుతున్నాను. తారాజువ్వకు వెదురు పుల్ల ఉంటుంది, అది తోక పని చేస్తుంది. మందు గొట్టం ఎలా ఉన్నా అదే లాక్కుపోతుంది. మన రాకెట్‌కు ఆ పుల్ల లేదు. ఆ పని రెక్కలు చేయాలి.

రెక్కలు ఏం చేస్తాయో అర్థం కావాలంటే గాలి ఎటు నుంచి వస్తోందో చూపే మేడ మీది గాలికోడిని గుర్తు తెచ్చుకోండి. ఇరుసుకు వెనుక తోక పెద్దది, ముందు ముక్కు చిన్నది. గాలి తోకను ఎక్కువగా తోస్తుంది కనుక ముక్కు ఎప్పుడూ గాలికి ఎదురుగా తిరుగుతుంది. రాకెట్‌లో ఆ ఇరుసు ఏది? దాని బరువు కేంద్రం. వేలి మీద పెడితే ఎక్కడ నిలుస్తుందో అది. గాలి తోపుడంతా కలిసి పనిచేసే చోటును పీడన కేంద్రం అంటారు. అది బరువు కేంద్రానికి వెనుక ఉండాలి. ఎంత వెనుక? కనీసం గొట్టం వ్యాసమంత. గొట్టం 25 మిల్లీమీటర్లయితే 25 మిల్లీమీటర్లు. ఈ పీడన కేంద్రాన్ని లెక్కగట్టే సమీకరణాలను 1960లలో నాసాలో పనిచేసిన జేమ్స్ బారోమన్ హాబీ వాళ్ల కోసం సులువు చేసి ఇచ్చారు. లెక్కలు రాని నాబోటి వాడికి ఇంకో దారి ఉంది. రాకెట్ పక్క ఆకారాన్ని అట్ట మీద గీసి, కత్తిరించి, అట్టను కత్తి అంచు మీద నిలబెట్టండి. అది నిలిచిన చోటు అసలు పీడన కేంద్రం కన్నా ముందుకే చూపిస్తుంది, అంటే మనల్ని జాగ్రత్త వైపే ఉంచుతుంది.

ఇప్పుడు గొట్టం. విదేశీ కిట్లలో కొలత గొట్టాలు వస్తాయి. కిట్టు దొరకని వారు దిగులుపడనవసరం లేదు. కరెంటు వైరింగుకు వాడే 25 మిల్లీమీటర్ల పైపు ఒక మూర తెచ్చుకోండి. దాని చుట్టూ ముందు పలచని ప్లాస్టిక్ కవరు చుట్టండి, లేకపోతే గొట్టం పైపుకే అంటుకుపోతుంది, నాకు రెండు సార్లు అంటుకుపోయింది. తరవాత ఖాకీ కాగితానికి నీళ్లు కలిపిన ఫెవికోల్ రాస్తూ మూడు నాలుగు పొరలు బిగువుగా చుట్టి, ఒక రాత్రి ఆరనివ్వండి. తెల్లవారి ప్లాస్టిక్ పట్టి లాగితే గొట్టం జారి వస్తుంది. గోరుతో మీటి చూడండి, టంగుమంటే గట్టిపడినట్టు, తప్‌మంటే ఇంకా తడి ఉన్నట్టు.

రెక్కలకు కిట్లలో బాల్సా చెక్క ఇస్తారు. నేను మన పొణికి కర్రను కూడా వాడి చూశాను. నిర్మల్ బొమ్మలకు వాడే కర్ర అదే. బాల్సా అంత తేలిక కాదు, కానీ కత్తికి లొంగుతుంది, దొరుకుతుంది. ఏ కర్ర అయినా ఒక్క విషయం మరవవద్దు. నార రెక్క ముందంచు వెంట సాగాలి. గొట్టానికి సమాంతరంగా నార పెట్టి కోస్తే, దిగినప్పుడు మొదటి దెబ్బకే బిస్కెట్ విరిగినట్టు వేరు దగ్గర విరుగుతుంది. చూడండి, ఈ ముక్కను నార అలా తప్పుగా పెట్టి కోశాను. ఇలా అంటే చాలు, విరిగింది. ఇది నార సరిగా ఉన్న ముక్క. బాబూ, నువ్వు విరవడానికి ప్రయత్నించు. చేతనవుతోందా? లేదు కదా.

కోసిన మూడు రెక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి, గుండుసూదులతో గుచ్చి, మూడింటినీ కలిపి ఒకేసారి ఉప్పు కాగితం మీద రుద్దండి. అప్పుడు మూడూ ఒకే కొలతలో ఉంటాయి. ఆ తరవాత విడదీసి ముందంచును గుండ్రంగా, వెనుకంచును పలచగా చేయాలి. గొట్టానికి అంటుకునే అంచును మాత్రం ముట్టుకోవద్దు, అది చదరంగానే ఉండాలి.

అమరిక దగ్గర తొందర వద్దు. గొట్టం చుట్టూ కాగితపు పట్టీ చుట్టి, కలిసిన చోట గీత పెట్టి, పట్టీని విప్పి, దాన్ని మూడు సమాన భాగాలు చేస్తే 120 డిగ్రీలు వచ్చేస్తాయి. కోణమాపకం అక్కరలేదు. కానీ ఆ గుర్తుల నుంచి గొట్టం పొడుగునా తిన్నని గీత గీయడం ఎలా? గుండ్రటి వస్తువు మీద స్కేలు జారిపోతుంది. గ్రిల్ దుకాణంలో ఎల్ ఆకారపు అల్యూమినియం యాంగిల్ ముక్క ఒక అడుగు అడగండి. దాన్ని గొట్టం మీద బోర్లిస్తే ఎటూ కదలదు, దాని అంచు వెంట పెన్సిలు లాగితే దారం లాగినట్టు గీత వస్తుంది. యాంగిల్ లేకపోతే తలుపు చట్రం మూల చాలు. రెక్క ఒక్క డిగ్రీ వంకర అయితే ఏమవుతుంది? రాకెట్ బొంగరంలా తిరుగుతూ పోతుంది, ఆ తిరుగుడుకే కొంత బలం పోతుంది.

అతికించేటప్పుడు నేను ఫెవిక్విక్ వాడను, అది దిద్దుకునే వ్యవధి ఇవ్వదు. రెక్క అంచుకూ గొట్టం మీది గీతకూ ఫెవికోల్ పలచగా రాసి, వేలికి జిగటగా తగిలేదాకా అయిదారు నిమిషాలు ఆగి, మళ్లీ సన్నగా రాసి అప్పుడు నిలబెట్టండి. వెంటనే పట్టుకుంటుంది. ఎండిన మరునాడు కీలు రెండు వైపులా ఫెవికోల్ పోసి, వేలు తడిపి ఒకే లాగుడులో నునుపు చేయండి. మధ్యలో ఆపితే అక్కడ గడ్డ కడుతుంది. ఆరేదాకా రాకెట్‌ను అడ్డంగా పడుకోబెట్టాలి, నిలబెడితే జిగురు కారిపోతుంది.

ఇక నునుపు. ఈ ఉదయం నేను అసలు చెప్పదలచుకున్నది ఇదే కనుక కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను. ఆ అమ్మాయి వేలికి తగిలిన మెలిక గీత ఏమిటి? కాగితపు పట్టీలను ఏటవాలుగా చుట్టి చేసిన కంపెనీ గొట్టాల మీద అంచులు కలిసే చోట సన్నని గాడి ఉంటుంది. రంగు దాన్ని కప్పుతుందని అందరూ అనుకుంటారు. కప్పదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. రంగు అబద్ధం చెప్పదు, కింద ఉన్నదాన్ని మెరిపించి మరీ చూపిస్తుంది. కార్లకు డెంటింగు, పెయింటింగు చేసే చోట ఎన్‌సీ పుట్టీ దొరుకుతుంది. మన పెయింటర్లు అన్నిటినీ కలిపి లప్పం అనే అంటారు. దాన్ని పాత ఏటీఎం కార్డుతో ఆ గాడి వెంట లాగి, ఆరాక రుద్దేస్తే గాడి పూడిపోతుంది.

చెక్క రెక్కలకు ఇంకొంచెం శ్రమ ఉంది. చెక్కలోని రంధ్రాలు రంగును తాగేస్తాయి. ఆ రంధ్రాలను పూడ్చే సాండింగ్ సీలర్ రాయాలి, ఆరాక 320 నంబరు కాగితంతో రుద్దాలి, మళ్లీ రాయాలి, మళ్లీ రుద్దాలి. ఎన్ని సార్లు? వెలుతురుకు అడ్డంగా పట్టుకొని చూస్తే నార కనబడనన్ని సార్లు. నాలుగు కావచ్చు, ఆరు కావచ్చు. ఈ పని మన నేలకు కొత్త కాదు. నిర్మల్ బొమ్మలు చేసేవాళ్లు పొణికి కర్ర ముక్కలు అతికి, చింతగింజల లప్పం పట్టించి, దాని మీద తెల్ల సుద్ద పూసి, ఆ తరవాతే రంగు ముట్టుకుంటారు. రంగు కన్నా ముందు పని ఎక్కువ అని వారికి ఎప్పుడో తెలుసు.

పుట్టీ, సీలర్ అయ్యాక బూడిద రంగు ప్రైమర్ ఒక పలచని పూత వేయండి. ఎందుకు? అది తప్పులు చూపించే అద్దం. అప్పటిదాకా కనబడని గీతలు, గుంటలు అన్నీ బయటపడతాయి. మనసు కష్టపెట్టుకోకుండా వాటిని మళ్లీ పూడ్చి, 400 నంబరు కాగితాన్ని నీళ్లలో ముంచి తేలిగ్గా రుద్దండి. కాగితపు గొట్టం కనుక నీళ్లు నామమాత్రంగా ఉండాలి, ప్రైమర్ పట్టని చోటుకు తడి తగలకూడదు.

ఇప్పుడు రంగు, ఇప్పుడు నా తప్పు. మొదటి రాకెట్ ఇసుక లాగా ఎందుకుంది? మే నెలలో మధ్యాహ్నం మేడ మీద స్ప్రే కొట్టాను. మన నల్లగొండ మే నెల ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? రంగు చుక్కలు డబ్బా మూతికీ గొట్టానికీ మధ్య గాలిలోనే ఆరిపోయి, పొడిలాగా వచ్చి అంటుకున్నాయి. సరే, ఎండ తగ్గాక చేద్దామని రెండోసారి ముసురు రోజుల్లో కొట్టాను. అప్పుడు మెరుపు రావలసిన నల్లరంగు మీద తెల్లగా పొగమంచు లాంటి పూత పేరుకుంది. లక్కర్ అంటే త్వరగా ఆరే స్ప్రే రంగు. గాలిలోని తడిని తడి లక్కర్ పట్టేసుకుంటే అలా అవుతుంది. దాన్ని దిద్దుదామని, మెల్లగా ఆరే ఎనామిల్ రంగు రాసి, ఆ ఎనామిల్ సరిగా ఆరకముందే, తొందరపడి, దాని మీద లక్కర్ స్ప్రే కొట్టాను. అయిదు నిమిషాల్లో మొత్తం ముసలివాడి చర్మంలా ముడతలు పడిపోయింది. లక్కర్‌లోని థిన్నర్ కింద ఉన్న ఎనామిల్‌ను లేపేస్తుంది. డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంది, నేనే చదవలేదు. అప్పటి నుంచి నా రంగు పని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఉదయం ఎనిమిది నుంచి పది లోపు, లారీలు దుమ్ము లేపని వైపున.

పద్ధతి చెబుతాను. పాత వార్తాపత్రికను బిగువుగా చుట్టి రాకెట్ కింది గొట్టంలో దూర్చండి, అది పిడి అవుతుంది, చేతికి రంగు అంటదు. డబ్బాను జానెడు కన్నా కొంచెం ఎక్కువ దూరంలో పట్టుకొని, రాకెట్ పక్కన ఖాళీ గాలిలో మీట నొక్కి, రాకెట్ మీదుగా దాటించి, అవతలి ఖాళీలో వదలండి. రాకెట్ మీదే మొదలుపెడితే అక్కడ రంగు కారుతుంది. మొదటి పూత మంచు పడినట్టు, కింద ప్రైమర్ ఇంకా కనబడుతూ ఉండాలి. రెండోది, మూడోది కొంచెం కొంచెంగా. పసుపు, నారింజ, ఎరుపు రంగుల కింద తప్పక తెల్లరంగు వేయాలి, బూడిద ప్రైమర్ మీద పసుపు కొడితే పాచి పట్టినట్టు వస్తుంది. రెండు రంగుల గీత కత్తిరించినట్టు రావాలంటే టేపు అంటించాక, దాని అంచు మీద ముందు కింది రంగునే ఒక పూత కొట్టండి. టేపు కిందికి ఏదైనా దూరితే అదే రంగు దూరుతుంది, ఎవరికీ తెలియదు. తరవాత రెండో రంగు కొట్టి, అది పూర్తిగా ఆరకముందే టేపును వెనక్కి మడిచి మెల్లగా లాగండి. పాత పద్ధతిలో, పూర్తిగా ఆరేదాకా ఆగితే, అంచు పెచ్చులుగా లేస్తుంది.

ఇంత పూత పూశాక ఒక పని మరచిపోతారు. రంగుకు బరువు ఉంది. రెక్కలు వెనుక ఉంటాయి, సీలర్, రంగు ఎక్కువగా పట్టేది కూడా అవే. అంటే బరువు కేంద్రం వెనక్కి జరుగుతుంది, గాలికోడి ఇరుసు తోక వైపు జరిగినట్టు. అందువల్ల చివరలో, ఎగిరేటప్పుడు లోపల ఏం ఉంటుందో అదంతా పెట్టి, బరువు కేంద్రం దగ్గర దారం కట్టి తల చుట్టూ తిప్పి చూడండి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే మంచిది. పక్కకు వాలితే ముక్కులో కొంచెం బంకమట్టి పెట్టండి. మూడో రాకెట్ ముక్కులో అలాంటిది ఉంది, పట్టుకుంటే తెలుస్తుంది.

మోటారు ఎక్కడ దొరుకుతుందని అడిగేవారికి మోటారు మీద రాసే భాష కూడా తెలియాలి కదా. సీ6-5 అని ఉంటే, సీ అన్నది మొత్తం తోపుడు తరగతి, ఒక్కో అక్షరానికి దాని పరిమితి రెండింతలవుతుంది. 6 సగటు తోపుడు, న్యూటన్లలో. 5 అన్నది మందు అయిపోయాక పారాచూట్ బయటికి తోసేదాకా ఆగే సెకన్లు. లైసెన్సు ఉన్న సంస్థల పర్యవేక్షణలో మీలో ఎవరైనా ఒకనాడు అటువంటిది ఎగరవేసినా, నిప్పు కడ్డీ కాకుండా బ్యాటరీ తీగతో ముట్టించడం, కనీసం అయిదు మీటర్ల దూరం, అంటుకోకపోతే ఒక నిమిషం దాకా దగ్గరికి పోకపోవడం, ఈ మూడూ తప్పవు.

అంతవరకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఎగరని నమూనా. మన 25 మిల్లీమీటర్ల పైపు మీద చుట్టిన గొట్టం బయటి వ్యాసం 26 వస్తుంది. పీఎస్‌ఎల్‌వీ వ్యాసం 2.8 మీటర్లు, ఎత్తు 44 మీటర్లు. 2,800ను 26తో భాగిస్తే సుమారు 108, కనుక ఎత్తు సుమారు 41 సెంటీమీటర్లు రావాలి. పక్కన కట్టే ఆరు చిన్న మోటార్ల వ్యాసం ఒక మీటరు, అంటే మీ చేతిలో 9 మిల్లీమీటర్ల పైచిలుకు, పెన్నులంత. చూశారా, పీఎస్‌ఎల్‌వీకి రెక్కలు లేవు. దానికి దారి చూపే పరికరాలు లోపల ఉన్నాయి. మన గొట్టానికి అవి లేవు కనుక, ఎగిరే నమూనా చేసేవాళ్లు పారదర్శక ప్లాస్టిక్ రెక్కలు పెడతారు, ఫొటోలో కనబడవు.

రెండో దారి నీటి రాకెట్. సోడా సీసా, మూడో వంతు నీళ్లు, సైకిల్ పంపు, గేజీ మీద 60 పీఎస్‌ఐ దాటకూడదు. మంచినీళ్ల సీసా పనికిరాదు, గ్యాసు పానీయాల సీసానే పీడనానికి ఆగుతుంది. ఇక్కడ మాత్రం ఈ ఉదయమంతా నేను చెప్పిన దానికి తలకిందుల మాట చెప్పాలి. ఆ సీసాను ఎప్పుడూ రుద్దవద్దు. దాని మీద ఉప్పు కాగితం గీత పడితే పీడనం అక్కడే దారి వెతుక్కుంటుంది. వేడి జిగురు పెట్టవద్దు, థిన్నర్ ఉన్న రంగు కొట్టవద్దు. మరి రెక్కలు ఎలా? ఇంకో పాత సీసా మధ్య భాగం కోసి తొడుగులా చేసి, రుద్దడం, లప్పం, రంగు, రెక్కలు, అన్నీ ఆ తొడుగు మీద చేసుకొని, చివరలో సీసా మీదికి తొడగండి. సీసా మీద గీత కనబడిన రోజు సీసా మార్చి, తొడుగును కొత్త సీసాకు వేయండి.

ప్రశ్నలు తరవాత తీసుకుంటాను. బల్ల మీద ఖాకీ కాగితం, పైపులు, ప్లాస్టిక్ కవర్లు పెట్టాం. పైపుకు కవరు చుట్టడం మరవకండి. పెద్దలు కూడా రావచ్చు, పంచెకు ఫెవికోల్ అంటకుండా చూసుకోండి.